వేలు జారిన లేసు

"ఇది మిషన్ లేసు వీరవేణీ. ఎక్కడ కొన్నావో చెప్పు" అంది అచ్చాయమ్మ, మూట తిరిగి ఆమె ముందుకు తోస్తూ.

"కొనడమేంటండీ పిన్నిగారూ! పన్నెండు టేబుల్ లేసులు, నెలన్నర కూర్చుని అల్లాను. నా కళ్ళు చూడండి, ఎలా పీక్కుపోయాయో."

"కళ్ళు చూసి ఎవరూ కొనరే. వేలు పెట్టి చూసి కొంటారు."

నర్సాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళు అల్లిన లేసు పోగుచేసి ఎగుమతి కంపెనీకి ఇవ్వడం అచ్చాయమ్మ వ్యాపారం. సరుకు నాణ్యం కళ్ళు మూసుకునే చూస్తుంది. వేలు ఊరికే ఆనిస్తే ఏమీ తెలియదు, లేసు మీద మెల్లగా రాస్తూ పోవాలి. చేత్తో అల్లినదాంట్లో ఒక కుట్టు బిగువు, ఒక కుట్టు వదులు. కంటికి దొరకని ఆ తేడా కదిలే వేలికి సన్నటి గరుకై తగులుతుంది. మిషన్ లేసు మీద వేలు జారిపోతుంది. జారితే బేరం లేదు.

"నిన్ను నమ్మి చూడకుండా పంపాను. కంపెనీ తిప్పి పంపింది. ఇప్పుడు నేను రాసి చూసినా జారుతోంది."

"మొదట్లో గరుకు మరీ ఎక్కువైతే చెయ్యి కుదర్లేదని తిట్టింది మీరే కదండీ!"

"తిట్టాను. మరీ ఇంత కుదురుతుందనుకున్నానా?"

ఈ పని పోతే వీరవేణికి చేతనైన పని ఇంకోటి లేదు. చతికిలబడి సంచిలోంచి సూదీ దారం తీసింది. "మీ ఎదురుగానే అల్లుతాను. అప్పుడు చెప్పండి."

గంటలో పువ్వు పూర్తయింది. అచ్చాయమ్మ కళ్ళు మూసుకుని రాసింది. వేలు మార్చి మళ్ళీ రాసింది.

"జారిందే. నీ చెయ్యే ఇది. తప్పు నాది."

"హమ్మయ్య! అయితే తీసుకోండి."

"నేను నమ్మితే ఏం లాభం? కొనేవాడి వేలు నమ్మాలి. ప్రతి లేసుతోనూ నిన్ను మడతపెట్టి పంపనా?" అచ్చాయమ్మ బీరువాలోంచి ఒక ముక్క తెచ్చింది. "కంపెనీవాళ్ళు పంపిన శాంపిల్ ఇది. ఇలా తగిలితేనే తీసుకుంటారట."

వీరవేణి కూడా కళ్ళు మూసుకుని రాసింది. ఓ చోట బిగువు, ఓ చోట వదులు. అల్లుతూ అల్లుతూ పొయ్యి మీద అన్నం చూడ్డానికి లేచి, మళ్ళీ వచ్చి కూర్చున్న చెయ్యిలా ఉంది. తనకిప్పుడు కావాలన్నా అలా రాదు.

"ఎవరండీ ఈవిడ? కాళ్ళు పట్టుకుని అయినా నేర్చుకుంటాను."

అచ్చాయమ్మ మొహం తిప్పుకుంది.

"ఆవిడ ఎవరూ లేరే. కొత్తగా వచ్చిన మిషన్ అది."