ఆరో క్లాసులో తుపాకీ

"మీ సంచిలో తుపాకీ ఉందంట, నిజమేనా?" రాయపురం బడి హెడ్మిస్ట్రెస్ హైమ, ఆరో క్లాసు గుమ్మంలో ఏకాంబరం మాస్టారును ఆపి అడిగింది.

"ఉండాది మేడం. పోయిన నెల రౌడీలు ఈడికే వచ్చి డ్రిల్లు మాస్టర్ని పొడిచేసి పోయినారు. మళ్లీ వస్తే చేతులు కట్టుకొని నిలబడేదా?"

"ఇది బడి సార్."

అంతలో ఆ క్లాసులో చదివే కోకిల తండ్రి సుందరం ఆమెను తోసుకుంటూ లోపలికి దూరాడు. అతని చేతిలో సైకిల్ చైను ఉంది. కూతుర్ని జడ పట్టి బెంచీలోంచి కిందికి లాగాడు.

"రొయ్యల కంపెనీకి పొమ్మంటే ఈడికొచ్చి కూచుంటావా?"

చైను ఆ పిల్ల వీపు మీద రెండుసార్లు పడింది. తెల్ల జాకెట్టు ఎర్రబడింది.

ఏకాంబరం రివాల్వర్ తీసి గురిపెట్టాడు. "చైను కింద పడెయ్. లేదంటే కాల్చేస్తా."

సుందరం బిగుసుకుపోయాడు. కోకిల లేచి తండ్రికి అడ్డంగా చేతులు చాచింది.

"వద్దు సార్. మా నాయన సార్."

ఇప్పుడు తుపాకీ గొట్టం ఆ పిల్ల గుండెకు ఎదురుగా ఉంది. ఏకాంబరం గొట్టం కిందికి దించాడు. రివాల్వర్ హైమ చేతిలో పెట్టి, వెళ్లి కోకిలను తన వెనక్కి లాక్కున్నాడు.

"కొట్టాలంటే నన్ను కొట్టు."

సుందరం కొట్టాడు. చెవి చీలి రక్తం కారింది. రెండో దెబ్బకు ఏకాంబరం చైను దొరకబుచ్చుకున్నాడు. పక్క క్లాసుల మాస్టర్లు పరుగెత్తుకొచ్చి సుందరాన్ని బయటికి ఈడ్చుకుపోయారు.

పిల్లలంతా బెంచీల కింద దాక్కొని ఉన్నారు. ఏకాంబరం వంగి పిలిచాడు.

"ఆయన పోయినాడు. లేచి రాండి."

ఎవరూ కదల్లేదు. బెంచీ కింద నుంచి ఒక గొంతు అడిగింది.

"తుపాకీ కూడా పోయిందా సార్?"