మళ్ళీ రమ్మన్న మాట

“మళ్ళీ రండక్కా!”

కొత్తగా పనిలో చేరిన రోజా నవ్వుతూ అన్న ఆ మాటకి సత్యారావు చేతిలోని దారపుండ జారిపోయింది. చోడవరంలో పాడె సామాను దుకాణం అతనిది. తండ్రి వదిలివెళ్ళిన పెట్టుబడల్లా వెదుళ్ళు, తెల్లగుడ్డ తానులు, ఒక కట్టుబాటు: ఇక్కడ ఎవరినీ మళ్ళీ రమ్మనకూడదు.

సరుకు కొనుక్కుని గుమ్మం దాటుతున్న ఆవిడ ఆగింది. వెనక్కి తిరిగి రోజాని చాలాసేపు చూసింది. తర్వాత కొన్న గుడ్డల మూట చంకన పెట్టుకుని రావికమతం ఆటో ఎక్కింది.

“ఒసే, ఇదేటి బట్టల షాపనుకున్నావేటే? ఆవిడ మళ్ళీ రావడమంటే ఆ ఇంట్లో ఇంకో సావు కాదేటి?”

“విశాఖ బట్టల షాపులో పని సేసినప్పుడు రోజంతా అదే మాట బాబాయ్. నోటికొచ్చేసింది.”

“కుర్చీ ఏసేవు, మజ్జిగిచ్చేవు, బాగుంది. వ్యాపారానికి మంచిదే. ఇంతకీ పోయిందెవరంట?”

“ఆడమనిసట. తన పొడుగేనట. అంతకుమించి సెప్పలేదు. వెదుళ్ళు తర్వాత ఎవరో పట్టుకెళ్తారంది.”

“సూడు, ఆవిడ మళ్ళీ ఈ గుమ్మం తొక్కిందంటే నీకిక్కడ పని లేదు.”

రోజా ముఖం పాలిపోయింది. మంచం పట్టిన తల్లికి ఆ జీతమే ఆధారం.

వెదుళ్ళ కోసం ఎవరూ రాలేదు. సత్యారావుని మాత్రం ఆవిడ చూపు వదల్లేదు. నష్టమంటే సరుకు పోవడమే అనుకునే మనిషికి, ఎవరి ప్రాణమో తన లెక్కలో పడుతుందన్న భయం పట్టుకుంది. వీధిలో ఆటో ఆగితే చాలు, గుమ్మం వైపు చూసేవాడు. రోజా నవ్వడం మానేసింది. కొనేవాళ్ళు మాటామంతీ లేకుండా కొనుక్కుపోతున్నారు.

ఒక మధ్యాహ్నం ఆవిడ వచ్చింది.

రోజా తన సంచీ భుజాన వేసుకుంది. సత్యారావు బల్ల దగ్గరికొచ్చాడు.

“ఈసారి... ఎవరమ్మా?”

“ఎవరూ కాదు బాబూ. ఇవి ఎనక్కి తీసుకుంటారేమోనని.” ఆవిడ మూట బల్ల మీద పెట్టింది. కట్టిన ముడి కట్టినట్టే ఉంది.

“అదేటి, మరి పోయినావిడకి?”

ఆవిడ రోజా దగ్గరికెళ్ళి తల నిమిరింది.

“నన్ను మళ్ళీ రమ్మన్న మనిసి ఈ లోకంలో ఇదొక్కతే.”

సత్యారావుకి అర్థం కాలేదు. ఆవిడే మెల్లగా చెప్పింది.

“ఆ రోజు కొన్నవి నాకే.”