గంటన్నర ప్రయాణం

“లోపల నువ్వేం మాట్లాడకు. అన్నీ నేనే అడుగుతాను,” అంది తల్లి, టికెట్ల ఆఫీసు మెట్ల మీద ఎండలో ఆగి.

“ఇంకా అడగడానికేముందమ్మా? దిగానని ఆయన ఫోన్ కూడా చేశారు కదా! నా పరువు తియ్యకు,” అంది కూతురు. పొద్దున మొగుణ్ణి సాగనంపి ఏడ్చిన కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

“కీడెంచి మేలెంచమన్నారు. చలి దేశానికి వెళ్ళేవాడు స్వెట్టరు మర్చిపోతాడా? వాడు ఫోన్లో మాట్లాడుతుంటే వెనకాల కాకి అరిచింది. నేను విన్నాను.”

“అక్కడ కాకులుండవా?”

పెళ్ళయి నాలుగు నెలలు. రెండేళ్ళ ఉద్యోగమని చెప్పి అల్లుడు పెట్టె సర్దుకున్నాడు. నిజంగానే వెళ్ళాడా, పిల్లని నట్టేట ముంచి ఎటైనా పోయాడా అన్నదే ఆమె భయం. ఆ భయానికి ఆధారం చేతిసంచిలో నాలుగు మడతలు పడి ఉంది. లోపలికెళ్ళి ఆ టికెట్టు నకలు గుమాస్తా ముందు పరిచింది.

“చూడు నాయనా, ఇది దొంగ టికెట్టేమో చెప్పు. పదింటికి బయల్దేరడం, పదకొండున్నరకి దిగడం! టైలరు దగ్గరికెళ్ళి జాకెట్టు తెచ్చుకోవడానికే నాకు గంటన్నర పడుతుంది.”

గుమాస్తా నవ్వు ఆపుకున్నాడు. కూతురు తల కొట్టేసినట్టు నేలచూపులు చూసింది.

“టికెట్టు అసలుదేనమ్మా,” అంటూ అతను కంప్యూటర్లో వెతికాడు. “దూరం ఏడు వేల ఆరువందల కిలోమీటర్లు. ప్రయాణం తొమ్మిదిన్నర గంటలు. అక్కడి గడియారం మనకన్నా ఎనిమిది గంటలు వెనక. దిగే టైము ఎప్పుడూ అక్కడి గడియారం ప్రకారమే వేస్తారు.”

“అంటే మనం మధ్యాహ్నం భోజనం చేస్తుంటే వాళ్ళింకా పక్కల మీదే ఉంటారన్నమాట!”

“అంతేనమ్మా.”

తల్లికి కడుపులో పాలు పోసినట్టయింది. నాలుగు నెలలుగా అల్లుణ్ణి లోలోపల తిట్టిన తిట్లన్నీ గుటుక్కున మింగేసింది.

“విన్నావుగా? ఇక ఆయన మీద పడి ఏడవకు,” అంది కూతురు. అంతలో ఆమె ఫోను కీచుమంది. “ఇదిగో, మెసేజ్ కూడా పెట్టారు. సామాను అందిందట, టాక్సీ ఎక్కారట. చాలా?”

“చాలే తల్లీ, చాలు. పాడు బుద్ధి నాది!” తల్లి సిగ్గుపడుతూ టికెట్టు మళ్ళీ నాలుగు మడతలు పెట్టింది. లేవబోయి ఆగింది. “ఒక్క మాట నాయనా. రేపటి నుంచి అల్లుడుగారికి ఫోన్ చెయ్యాలంటే నాకీ లెక్క రావాలి. ఆయన దిగే ఆ పదకొండున్నర మన గడియారంలో ఎంతవుతుంది?”

“రాత్రి ఏడున్నరమ్మా.”

గుమాస్తా వెనక గోడ గడియారం నాలుగు కొట్టింది.