రెండు కణుపుల చీమ

బడి ఆవరణలో ఎవరో ఆడమనిషి నేలమీద బోర్లా పడుకుని ఉంది.

పిల్లను దింపడానికి వచ్చిన కార్యదర్శి అది చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఏయ్! ఎవరమ్మా నువ్వు?"

కార్యదర్శి అంటే ఆ బడి తల్లిదండ్రుల కమిటీకి కార్యదర్శి. ఆవిడ గొంతు లేచిందంటే వీధి చివర కుక్క కూడా లేచి నిలబడుతుంది. పిల్లలు చాటుగా ఆవిణ్ణి సైరన్ అంటారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. లోపల కాస్త గర్వం కూడాను.

పడుకున్న మనిషి లేవలేదు. ఆమె చేతిలో భూతద్దం ఉంది.

"ఒక్క నిమిషం ఆగండి. కదిలితే పారిపోతుంది."

"ఏది?"

"చీమ."

కార్యదర్శికి ఒళ్ళు మండిపోయింది. పిల్లలు తిరిగే చోట ముక్కూ మొహం తెలియని మనిషి, పైగా చీమట!

ఆమె లేచి బట్టలు దులుపుకుంది. "ఈ బల్ల తీయించెయ్యాలండీ. దీని లోపలంతా డొల్ల. చీమలు గూడు పెట్టాయి."

అది చెట్టు మొద్దును తొలిచి చేసిన బల్ల. దానికి ఇత్తడి రేకు, రేకు మీద కార్యదర్శి మామగారి పేరు. ఆయన జ్ఞాపకార్థం ఆ కుటుంబం ఇచ్చింది.

"రేకు చదివావా? మా మామగారు! బతికున్నన్నాళ్ళూ ఆయన్ని కూర్చున్న చోటునుంచి లేవమన్న మొనగాడు లేడు. ఇప్పుడు నువ్వు లేపుతావా?"

"నేను ఆయన్ని అనలేదండీ..."

"చీమలకి మొన్ననే మందు కొట్టించాను. జారుడుబల్ల కింద ఎర్రచీమ ఒక్కటి మిగల్లేదు. ఇవి నల్లవి. నల్లచీమలు ఎవర్నేం చేస్తాయి పాపం?"

"రంగు చూడకూడదండీ, నడుం చూడాలి." ఆమె భూతద్దం చాపింది. "మీరు చంపించిన వాటికి నడుం దగ్గర ఒకటే కణుపు. అవి కొరుకుతాయి అంతే, వాటికి ముల్లు లేదు. వీటిని చూడండి. సన్నగా, పొడుగ్గా, పెద్ద కళ్ళు, నడుం దగ్గర రెండు కణుపులు. వెనక ముల్లుంటుంది. కొందరికి ఒక్కటి కుడితే చాలు, ఊపిరి..."

మాట మధ్యలోనే వదిలేసి, ఆమె భూతద్దం ఇంకాస్త ముందుకు చాపింది.

కార్యదర్శి భూతద్దం అందుకోలేదు.

"చీమల నడుములు చూడ్డానికొచ్చావా? నా నడుం చూసుకోవడానికే నాకు తీరిక లేదు!"

చుట్టూ చేరిన తల్లులు పగలబడి నవ్వారు.

గొడవ విని హెడ్మిస్ట్రెస్ వచ్చింది. కార్యదర్శి ఆవిడ వైపు తిరిగింది.

"ఏం బడి మేడం ఇది? ఎవరు పడితే వాళ్ళు లోపలికి రావడమేనా? పోయినేడూ ఇంతే! ఎవరో పిల్లాడు గుండెజబ్బుతో పోయాడని ఉన్నట్టుండి సెలవిచ్చారు. పిల్లని ఎవరికి అప్పజెప్పాలో తెలీక నేను ఆఫీసు మానుకున్నాను. ఓ మాట ముందు చెప్పాలా, వద్దా?"

హెడ్మిస్ట్రెస్ ఆ కొత్తమనిషి వంక చూసి, గబుక్కున చూపు తిప్పుకుంది.

"వాచ్‌మన్, ఈవిణ్ణి బయటికి పంపించు" అంది మెల్లగా.

ఆమె సంచి భుజాన వేసుకుంది. "నర్సుగారిని ఒక్కసారి కలిసి వెళ్ళిపోతాను" అంది.

"మళ్ళీ కనిపించావో, పోలీసుల్ని పిలుస్తాం!" అంది కార్యదర్శి.

ఆ వారంలోనే కార్యదర్శి ఆఫీసుకు ఫోన్ వచ్చింది, పాపను ఏదో కుట్టిందని.

పరుగున వచ్చేసరికి కూతురు నర్సు గదిలో మంచం మీద ఉంది. పెదాలు ఉబ్బిపోయాయి, కళ్ళు మూసుకుపోయాయి. పక్కనే డాక్టరు నాడి చూస్తున్నాడు.

"గండం గడిచిందమ్మా. ఇంజెక్షన్ వెంటనే పడింది గనక సరిపోయింది. కాస్త ఆలస్యమైతే నేనొచ్చీ లాభం లేకపోయేది."

"ఏమైంది? ఏం కుట్టింది?"

"తాతయ్య బల్ల మీద కూర్చుందమ్మా" అంది నర్సు. దూదిలో నలిగిన నల్లచీమను చూపించి, సొరుగులోంచి భూతద్దం తీసి ఇచ్చింది.

కార్యదర్శి దాన్ని కంటి దగ్గర పెట్టుకుంది. నడుం దగ్గర ఒక కణుపు. పక్కనే ఇంకొకటి.

ఆవిడ ఏడుపు అంతలోనే కోపమైంది. ఆ కోపం గుమ్మంలో నిలబడ్డ హెడ్మిస్ట్రెస్ మీద విరుచుకుపడింది.

"అంత తెలిసిన మనిషి చెబుతుంటే మీ నోరేమైంది మేడం? నేనంటే మూర్ఖురాలిని, నాకు తెలీదు. మీరెందుకు గెంటించారు?"

హెడ్మిస్ట్రెస్ తల దించుకుంది.

"ఆ బల్ల ఈ పూటే పీకించండి! ఇంజెక్షనైనా బడిలో ఉంచారు, బతికించారు."

"ఆ ఇంజెక్షన్ బడిది కాదమ్మా" అంది నర్సు. "ఆ రోజు ఆవిడే నా చేతిలో పెట్టి వెళ్ళింది. ఈ భూతద్దం కూడా."

కార్యదర్శి చేతిలోని భూతద్దం వంక చూసుకుంది.

"ఆవిణ్ణి పిలిపించు. కాళ్ళు పట్టుకుంటాను."

"ఎక్కడని పిలిపించను? ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోతున్నామంది. పోయేముందు ఈ బడిని ఒక్కసారి చూసి పోదామనే వచ్చిందట."

"అసలెవరావిడ? డాక్టరా? చీమల మీద పరిశోధన చేసే ప్రొఫెసరా?"

నర్సు హెడ్మిస్ట్రెస్ వంక చూసింది. ఆవిడ తల ఇంకా పైకెత్తలేదు.

"కాదమ్మా. పోయినేడు దాకా ఆవిడకీ చీమలంటే ఎర్రవీ నల్లవే."

"మరి?"

"సెలవెందుకిచ్చారని పోట్లాడారే... ఆ బాబు వాళ్ళమ్మ."