గోడ నాకిన ముసలాయన

మెట్లెక్కి వసారాలోకి వచ్చిన ముసలాయన చెప్పులు విడిచాడు, కళ్లజోడు తుడుచుకున్నాడు, వంగి కొత్త గోడను నాలుకతో నాకాడు.

చేపలు కడిగిన నీళ్ల బేసినతో బయటికి వచ్చిన రీత్తమ్మ అది చూసి అరిచింది.

"ఛీ ఛీ! ఎవరయ్యా నువ్వు? గోడల్ని కుక్క కూడా నాకదు!"

ఆయన మెట్ల అవతలికి ఉమ్మి, మూతి తుడుచుకున్నాడు.

"ఉప్పు, మోళే," అన్నాడు, కన్నకూతురితో చెప్పినట్టు. "సముద్రపు ఇసుక. కడగకుండానే సిమెంటులో కలిపేశాడు ఇది కట్టినవాడు."

రీత్తమ్మకు ఒకరు వచ్చి ఉప్పు సంగతి చెప్పాలా? కేరళ తీరాన చేర్తల రొయ్యల షెడ్డులో ఇరవై రెండేళ్లు రొయ్యలు ఒలిచిన మనిషి. ఎన్ని సబ్బులు అరగదీసినా గోళ్లలోంచి ఆ కంపు పోలేదు. చర్చిలో పక్కన కూర్చున్నవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేవారు. ఆ నీచు వాసన అంటని గోడలు నాలుగు కావాలనే ఈ ఇల్లు కట్టించుకుంది. ఫాదరుగారు వచ్చి దీవెన నీళ్లు చల్లి మూడు నెలలైనా కాలేదు.

మరి ఇల్లు ఇల్లులా ఉందా?

వానలు మొదలవగానే గోడలకు తెల్లగా బూజులాంటిది పూసింది. బాత్రూము నేలకు వాటం లేక, కాళ్లు కడిగిన నీళ్లు మంచం కిందికి వచ్చి నిలిచాయి. నిన్నటికి నిన్న చేపల పులుసులో పైనుంచి పెచ్చు ఊడిపడితే, కుండెడు పులుసూ దిబ్బలో పారబోసింది.

అయినా తన ఇంటిని తను తిట్టుకోవాలి గానీ, దారిన పోయేవాడు తిడితే ఊరుకుంటుందా?

గుమ్మంలోకి వచ్చిన కూతురు జిన్సీ నిండు కడుపు చూసి, ముసలాయన తలెత్తి వసారా శ్లాబు వంక చూశాడు.

"పుట్టిన బిడ్డను ఎండకని ఇక్కడ పడుకోబెట్టేరు. వద్దు. ఈ శ్లాబు నిలవదు."

పుట్టని బిడ్డ మీద ఎంత మాట!

రీత్తమ్మ చేతిలోని బేసిన ఎత్తి ఆయన నెత్తిన కుమ్మరించింది.

చేప పొలుసులు తెల్ల చొక్కాకు అంటుకున్నాయి. ఆయన కళ్లజోడు తీసి మళ్లీ తుడుచుకున్నాడు.

"ఇది కట్టినవాడికి తాపీ పట్టడం నేర్పింది నేనే మోళే. ఇసుక రుచి చూడటమూ నేర్పాను. వాడే మరిచిపోయాడు."

చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు.

రీత్తమ్మ అప్పటికప్పుడు కాంట్రాక్టరు సాజన్‌కు ఫోను చేసింది.

"అతనా చేచ్చీ! పిచ్చోడు. నేను కట్టిన ప్రతి ఇంటికీ పోయి గోడలు నాకుతుంటాడు. గేటుకు గడియ పెట్టుకోండి." సొంత అక్కను పిలిచినట్టు, తేనె పూసినట్టుంటుంది సాజన్ గొంతు.

"మరి గోడలకా తెలుపేంటి?"

"కొత్త ఇల్లు కదా చేచ్చీ, చెమట పడుతుంది. పసిపిల్లకు పట్టదూ?"

జిన్సీకి ఆడపిల్ల పుట్టింది. మూడోరోజున ఆసుపత్రినుంచి వచ్చేసరికి వసారా నడిమధ్యన ఒక పోకచెట్టు మాను, నేలనుంచి శ్లాబు దాకా నిటారుగా నిలబడి ఉంది.

"ఆ ముసలాయనే," అంది పక్కింటి లిల్లి ప్రహరీ మీదినుంచి. "ఒక్కడే భుజాన మోసుకొచ్చాడు. పొద్దస్తమానం కొలవడం, కొట్టడం, చెక్కముక్కలు బిగించడం. గంజి తాగు తాతా అంటే, పని అయ్యాక అన్నాడు. పనయ్యాక తాగకుండానే పోయాడు."

"కొత్త ఇంటికి చేతికర్రా! బాప్తిస్మానికి వచ్చే వియ్యాలవారు నవ్వరూ?" అంది రీత్తమ్మ.

లాగింది. తన్నింది. మాను కదల్లేదు. "రేపొచ్చి కోయిస్తా చేచ్చీ," అన్నాడు సాజన్ ఫోనులో. ఆ రేపు రానే లేదు. చివరికి దానికి పాత చీర చుట్టబెట్టి, అటు చూడటం మానేసింది.

ఇరవయ్యోరోజు పొద్దున కాస్త ఎండ పొడిచింది. బిడ్డకు నూనె రాసి వసారాలో చాప మీద పడుకోబెట్టారు. జిన్సీ తువ్వాలు తేవడానికి లోపలికి వెళ్లింది.

పైన ఫట్టుమని చప్పుడైంది.

శ్లాబు నడిమికి విరిగింది. విరిగి, పోకమాను నెత్తిన ఆగిపోయింది. చాప అంచున పెచ్చులు రాలాయి.

రీత్తమ్మ బిడ్డను లాక్కుని వాకిట్లోకి దూకింది. బిడ్డ ఏడవను కూడా లేదు.

విరిగినచోట ఇనుప చువ్వలు రొయ్య మీసాల్లా సన్నగా, ఎర్రగా వేలాడుతున్నాయి. బిడ్డను తల్లి చేతికిచ్చి, రీత్తమ్మ ఒక పెచ్చు తీసుకుంది. అటూ ఇటూ చూసి నాలుక మీద పెట్టుకుంది.

ఇరవై రెండేళ్లుగా తెలిసిన రుచి.

ఆయన నెత్తిన చేపల నీళ్లు కుమ్మరించిన తన చేతులంటే తనకే రోత పుట్టింది.

మర్నాడు కరిమీను చేప శుభ్రంగా కడిగి, వేయించి, అరిటాకులో కట్టింది. అది ముసలాయనకు. సంచిలో ఇంకో పక్క తుప్పు చువ్వ ముక్క పెట్టింది. అది సాజన్ మొహాన విసరడానికి. ముసలాయన ఇల్లెక్కడో సాజన్‌కు తెలియకపోదు, వాడి చేతే చెప్పిద్దామని బయలుదేరింది.

దారిలో చర్చి ముందు నల్లజెండా కట్టి ఉంది.

"ఎవరు పోయారమ్మా?" అని గేటు దగ్గరున్నామెను అడిగింది.

"మన పెద్దమేస్త్రి. ఎవరింటికో ఇంత మాను మోసుకెళ్లాడంట ఈ వయసులో. వచ్చి మంచమెక్కినవాడు మళ్లీ దిగలేదు."

రీత్తమ్మ కాళ్లు వాటంతట అవే లోపలికి నడిచాయి. శవపేటిక మూత వేసేముందు ఊరివాళ్లు వరసగా నుదుట ముద్దు పెట్టుకుంటున్నారు. పెట్టెలో ఉతికిన తెల్ల చొక్కా, తుడిచిన కళ్లజోడు.

సంచిలో అరిటాకు పొట్లం ఇంకా వెచ్చగానే ఉంది.

ఆమె వంగి ఆ చల్లటి నుదుట పెదవులు ఆనించింది. పక్కనే తేనె పూసిన గొంతొకటి "అప్పా, కన్నకొడుకునొదిలి పోయావా అప్పా" అని ఏడవడం విని తలెత్తితే, కాంట్రాక్టరు సాజన్.