అత్తగారి వాలెట్

అత్తగారిని దోచుకోవడం ఇంత తేలికవుతుందని అల్లుడు కలలో కూడా అనుకోలేదు. ఆవిడే పిలిచి, కూర్చోబెట్టి, టీ ఇచ్చి మరీ తాళంచెవి చేతిలో పెట్టింది.

నిజం తాళంచెవి కాదు లెండి. ఆవిడ బేకరీ వెనక గదిలో, మైదా బస్తాల పక్కనున్న బల్ల మీద, వేలెడంత హార్డ్‌వేర్ వాలెట్ ఒకటి పెట్టె కూడా విప్పకుండా ఉంది. క్రిప్టో నాణేలను ఇంటర్నెట్ దొంగలకు అందకుండా దాచుకునే పరికరం అది. ఎవరి దగ్గరో కొనకుండా నేరుగా కంపెనీ నుంచే తెప్పించానని, పెట్టె సీలు చెదరలేదని తానే చూశానని, ఇక దాన్ని సిద్ధం చేసే భారం అతనిదేనని అత్తగారు చెప్పింది.

అల్లుడు ఒక కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాడు. సొంత షాపు పెట్టుకోవాలని అతనికి ఎన్నాళ్ల నుంచో ఆశ. కిందటేడు మొహమాటం చంపుకుని అత్తగారిని సాయం అడిగితే ఆవిడ "చూద్దాం" అని ఊరుకుంది. చూద్దాం అంటే లేదనే అర్థమని అతను తేల్చేసుకున్నాడు. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

పరికరం ఆన్ చేసి, పిన్ నంబరు ఏం పెట్టమంటారని అడిగాడు. తన బుర్రలో నంబర్లు నిలవవని, అతనికి గుర్తుండేది ఏదో ఒకటి పెట్టెయ్యమని ఆవిడ అంది. అల్లుడు మారుమాట్లాడకుండా పెట్టేశాడు.

తర్వాత బుల్లి తెర మీద ఒక్కొక్కటిగా ఇంగ్లీషు మాటలు రావడం మొదలైంది. మొత్తం ఇరవై నాలుగు. పరికరం పోయినా, పగిలినా ఈ మాటలుంటే డబ్బు భద్రమని, ఇవి ఎవరి చేతికి చిక్కితే డబ్బు వాళ్లదైపోతుందని పెట్టెలో వచ్చిన కాగితం చూసి అల్లుడు పైకి చదివాడు. ఫోటో తీయకూడదు, ఫోన్‌లో దాచకూడదు, సొంతదారు తప్ప ఇంకెవరూ చూడకూడదు.

అత్తగారు చటుక్కున కుర్చీని గోడవైపు తిప్పుకుంది.

"మీరు చూడొచ్చు అత్తయ్యా" అన్నాడు అల్లుడు నవ్వు ఆపుకుంటూ.

"వద్దు బాబూ, నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలియనిదా? నువ్వే రాసి, కవరులో పెట్టి అంటించు."

ఆవిడ గోడకున్న పాత క్యాలెండర్ చూస్తూ కూర్చుంది. అల్లుడు మాటలన్నీ వరసగా కాగితం మీద రాశాడు. ఫోన్ చప్పుడు చేయకుండా చూసుకుని ఆ కాగితాన్ని ఫోటో తీశాడు. ఆ తర్వాత బుద్ధిమంతుడిలా కవరు అంటించి ఇచ్చాడు. ఆవిడ దాన్ని బీరువాలో పెట్టి, తాళం వేసి, సరిగ్గా పడిందో లేదో లాగి కూడా చూసింది. అంత జాగ్రత్త చూస్తే అతనికి పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చింది.

వాలెట్‌లోంచి తీయడానికి మాటలో, పిన్నో కావాలి గానీ, వేయడానికి దాని అడ్రస్ ఒక్కటి చాలు. ఆ అడ్రస్ రాయించుకుని, అత్తగారు ముందు కొంచెం పంపి, చేరిందో లేదో అతన్నే చూడమంది. చేరింది. వారం తిరగకుండా ఆవిడ తన రెండో బేకరీ అమ్మేసి, ఆ డబ్బుతో కొన్న నాణేలన్నీ ఆ అడ్రస్‌కే పంపింది.

అల్లుడి కాళ్లు నేల మీద ఆనలేదు. భయమల్లా ఒకటే, స్వయంగా తీసుకుంటే జాడ దొరికిపోతుంది. అందుకని, అందరూ గడ్డం అని పిలిచే స్నేహితుణ్ణి పట్టుకున్నాడు. నాణేలను పది చేతులు మార్చి, ఎక్కడివో తెలియకుండా చేయడం వాడికి వెన్నతో పెట్టిన విద్య. అందుకు సగం వాటా ఇవ్వాలన్నాడు గడ్డం. సగం అనేసరికి అల్లుడి ప్రాణం విలవిల్లాడింది. అప్పనంగా వచ్చేదాంట్లో సగం పోతే మాత్రమేం అని చివరికి సరిపెట్టుకున్నాడు.

గడ్డం మాట తప్పలేదు. వాలెట్ ఖాళీ చేసి, అల్లుడి సగం అల్లుడికిచ్చి, తన సగంతో ఊరు దాటేశాడు. మిగిలినదానికి పెద్ద వీధిలో షాపు రాకపోయినా, ఏదో సందులో చిన్న గదైనా వస్తుందని అల్లుడు లెక్క వేసుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం బేకరీ మూసేశాక అత్తగారు కూతుర్నీ అల్లుణ్ణీ పిలిచింది. అతని భార్య దారి పొడవునా ఎందుకో తనలో తనే నవ్వుకుంటూ వచ్చింది. అత్తగారు వాలెట్ తెచ్చి అతని ముందు పెట్టి, అందులో ఎంతుందో పైకి చదవమంది.

ఈ ఘట్టాన్ని అతను ముందే అద్దం ముందు సాధన చేసుకున్నాడు. పిన్ కొట్టాడు, తెర వైపు చూశాడు, నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"కొంప మునిగింది అత్తయ్యా. ఒక్క నాణెం కూడా లేదు. ఆ మాటలు మీరు ఎవరికో చూపించారు."

భార్య ముఖంలో నవ్వు మాయమైంది. అల్లుడు మాత్రం ఆగలేదు. ఇలా పోయిన డబ్బు బ్రహ్మదేవుడు దిగివచ్చినా తిరిగి రాదన్నాడు. పోలీసుల చుట్టూ తిరిగితే చెప్పులు అరగడమే తప్ప లాభం లేదన్నాడు. ఇరవై నాలుగు మాటలు భద్రంగా దాచుకోలేని మనిషికి అసలు క్రిప్టో ఎందుకని కూడా దులిపేశాడు.

అత్తగారు అంతా విని, లేచి వచ్చి, అతని భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అల్లుడికి మొదటిసారి ఆవిడ మీద కాస్త జాలి కలిగింది.

"నాకేం పోలేదు బాబూ, పాపం పోయింది నీకే. నువ్వు షాపు పెట్టుకోవాలని నీకోసం కొన్న వాలెట్ గనకే, సొంతదారు తప్ప ఇంకెవరూ చూడకూడదని నువ్వు చదవగానే నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను."