కుట్టే నీళ్ళు

“ఏం మందు కలుపుతున్నావు మాస్టారూ ఆ నీళ్ళల్లో? కాళ్ళని కుట్టి చంపుతున్నాయి!”

ముల్లంగి తోట ఆమె గేటు దగ్గర నుంచే అరుచుకుంటూ వచ్చింది. ఆమె వెనకాలే, చేతిలో తాళంకప్పతో శానిటరీ ఇన్‌స్పెక్టరు.

పేటలోని నూట ఇరవై ఇళ్ళ మురుగునీటిని శుభ్రం చేసి ఏట్లోకి వదిలే చిన్న కేంద్రం అది. దానికి ఆపరేటరు, కాపలాదారు, తోటమాలి అన్నీ ఆయన ఒక్కడే. అందరూ ‘మురుగు మాస్టారు’ అంటారు. ఆ పేరుకి ఆయన ఏనాడూ నొచ్చుకోలేదు.

“మందా? ఒక్క చుక్క లేదమ్మా. తొట్లో గాలి కొడతాం. మురుగుని తినే సూక్ష్మజీవులు వాటి పని అవి చూసుకుంటాయి. మిగిలింది ఆ రెల్లు మడి వడకడుతుంది. అంతే.”

“అంతేనా? పాతికేళ్ళుగా ఆ ఏట్లో నిలబడే ముల్లంగి కడుగుతున్నాను. నల్లగా పారినన్నాళ్ళూ కంపు కొట్టిందే గానీ కుట్టలేదు. నువ్వు బాగుచేశాకే కుడుతోంది!”

“పదకొండు మంది ఫిర్యాదు మీద సంతకాలు పెట్టారు మాస్టారూ,” అన్నాడు ఇన్‌స్పెక్టరు ఇబ్బందిగా. “సాయంత్రంలోగా మూసేయమని ఆర్డరు. మురుగు మళ్ళీ నేరుగా ఏట్లోకే.”

మాస్టారు తూము వైపు చూశాడు. రోజూ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని గానీ తూము తిప్పేవాడు కాదు. శుద్ధి చేస్తున్నది తానా, కంటికి కనిపించని ఆ జీవులా, వాటిని పుట్టించినవాడా అని అప్పుడప్పుడు సందేహం వచ్చేది. తప్పు ఎవరిదన్న సందేహం మాత్రం ఇప్పుడు రాలేదు. మిగతా ఇద్దరూ తప్పు చేయరు కదా!

గ్లాసుతో నీళ్ళు పట్టి పరీక్ష కాగితం ముంచాడు. ఆమ్లమూ లేదు, క్షారమూ లేదు అంది కాగితం.

“కాగితానికేం తెలుసు? దానికి కాళ్ళున్నాయా?” అంది ఆమె.

“నాకున్నాయిగా, పదండి. నాకూ కుడితే నా చేత్తోనే తాళం వేస్తాను.”

ఏట్లో నలుగురైదుగురు ఆడవాళ్ళు ముల్లంగి జాడిస్తున్నారు. వాళ్ళ తొక్కుడుకి నీళ్ళు గంజిలా చిక్కబడ్డాయి. గట్టున ముల్లంగి తోట ఆమె అత్తగారు కట్టలు కడుతూ కూర్చుంది.

మాస్టారు ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి దిగాడు. చల్లగా, హాయిగా ఉంది. “చూశారా, ఏమీ…” అనబోయాడు. మడమ దగ్గర చురుక్కుమంది. వేళ్ళ సందున మరొకటి. ఉలిక్కిపడి కాలు ఎత్తాడు.

“కుట్టిందా?” అంది ఆమె.

లేదంటే సరిపోయేది. ఎవరి పాదం సంగతి వాళ్ళకే తెలుస్తుంది. కానీ పొద్దున్నే దేవుణ్ణి తలుచుకున్న నోటితో ఆ మాట ఎలా అంటాడు?

“కుట్టింది,” అన్నాడు తల దించుకుని. ఇన్‌స్పెక్టరు వైపు చెయ్యి చాపాడు. “ఇవ్వండి సార్ తాళం.”

“కాస్త ఆగండర్రా!” అత్తగారు చేతిలోని కట్ట పక్కన పడేసి లేచింది. “కుట్టడమంటే ఎలా కుట్టింది నాయనా? మండిందా, గిల్లినట్టుందా?”

“గిల్లినట్టే ఉంది పెద్దమ్మా.”

“అమ్మాయిలూ, మీరంతా గట్టెక్కండి. పొద్దస్తమానం తొక్కి బురద లేపుతుంటే ఏం కనబడి చస్తుంది? నువ్వు మాత్రం కదలకు నాయనా.”

ఆమె కూడా నీళ్ళలోకి దిగి, మాస్టారి భుజం పట్టుకుని నిలబడింది. ఆయన పళ్ళు బిగించి కళ్ళు మూసుకున్నాడు. చురుక్. చురుక్. నీళ్ళు మెల్లగా తేటపడ్డాయి. ముసలామె వంగి నీళ్ళలోకి చూసి, చెంగుతో నోరు నొక్కుకుంది.

“ఏమైంది అత్తా? అంత మంటగా ఉందా?” గట్టు మీంచి కంగారుగా అరిచింది కోడలు.

“మంటేమిటే వెర్రిదానా! నువ్వు కాపరానికొచ్చేనాటికే మాయమైపోయాయి, నీకేం తెలుసు?” అంది ముసలామె, నవ్వో ఏడుపో తెలియని గొంతుతో. “కళ్ళు తెరిచి నీ కాళ్ళ చుట్టూ చూసుకో నాయనా… చేపపిల్లలు!”